పసుపు కాగితం అంటించిన తెర

పోయిన నెల గుంటూరులోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. ఇన్నేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తూ బతికినదాన్ని, ఏదో ఒకటి చెప్పలేకపోతానా అనుకుని వెళ్ళాను. నా మాటలయ్యాక రెండో వరసలో ఒకమ్మాయి లేచి, ప్రోగ్రాం టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్లలో, అంటే ఎడిటర్లలో, ఏది నేర్చుకుంటే మంచిదని అడిగింది. ల్యాబులో సార్ చెప్పింది కాక వేరేది వాడితే మార్కులు తీసేస్తున్నారని కూడా అంది. ఆ సార్ నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేను ఆయన వైపు చూడకుండా, నీ కళ్ళకి, నీ చేతులకి ఏది హాయిగా ఉంటే అది వాడమ్మా, రాసింది సరిగ్గా నడుస్తోందా లేదా అని మాత్రం నిన్ను అడగాలి అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సార్ తర్వాత నాకు టీ ఇప్పించారు గానీ మొహం కాస్త ముడుచుకునే ఉంది. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఒకప్పుడు ఆయన కుర్చీలో నేనే కూర్చున్నాను, ఆయన చేసిన పనే చేశాను. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. తిరిగి వస్తుంటే ఆటో మిర్చి యార్డు పక్కనుంచి వచ్చింది. ఘాటుకి నేనూ డ్రైవరూ ఒకరి తర్వాత ఒకరం తుమ్ముకుంటూ వచ్చాం. ఆ తుమ్ముల మధ్య నా మొదటి ఉద్యోగం రోజులు కళ్ళ ముందుకొచ్చాయి.

అప్పుడు మేము బ్రాడీపేటలో ఒక మేడ కింద వాటాలో ఉండేవాళ్ళం. నాన్నగారు తెలుగు మాస్టారు. చీరాల వైపు హైస్కూళ్ళలో పనిచేసి, ఆఖరి కొన్నేళ్ళు గుంటూరులో చేసి రిటైరయ్యారు. అమ్మకి ఎండాకాలం వచ్చిందంటే ఇల్లంతా మిరపకాయలే. ఏడాదికి సరిపడా కాయలు తెప్పించి మేడ మీద ఆరబోసేది. ఎండాయో లేదో తెలుసుకోవడానికి ఒక కాయని చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. ఫట్‌మని విరిగితే ఎండినట్టు, మెత్తగా వంగితే ఇంకో రోజు. చూస్తే తెలియదా అని నేనంటే, రంగు మోసం చేస్తుందే, చప్పుడు చెయ్యదు అనేది. తొడిమలు తీసే రోజుల్లో ఆమె చేతులు మండుతుండేవి. నువ్వుల నూనె రాసుకుని, అన్నం మేము కలిపి పెడితే తినేది. కారం మరకి వెళ్ళొచ్చిన రోజు మాత్రం ఇంటి గుమ్మం దాటిన ప్రతివాళ్ళూ దగ్గాల్సిందే. మా వాటా పైన ఉండే బ్యాంకు ఆయన ఆ దగ్గుని బట్టే మా ఇంట్లో ఇవాళ ఏం జరిగిందో చెప్పేవాడు.

నాన్నగారి ఆదివారం వేరుగా ఉండేది. కాఫీ తాగగానే వసారాలో పీట వేసుకుని, ఇత్తడి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని, తన సిరా పెన్నులు నాలుగూ విప్పి కడిగేవారు. పాత పంచె చింపిన గుడ్డ మీద పాళీలు వరసగా ఆరబెట్టేవారు. గిన్నెలో నీళ్ళు మొదట లేత నీలంగా, తర్వాత చిక్కటి నీలంగా మారుతుంటే నేను చిన్నప్పుడు గంటలు గంటలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ సిరా వాసన, పక్కన వంటింట్లోంచి వచ్చే పోపు వాసన కలిస్తే అదే నాకు ఆదివారం. ఆయన క్లాసులో బాల్ పెన్ను కనిపించకూడదు. బాల్ పెన్నుతో రాస్తే అక్షరం పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఎవరి చేతిలోనైనా కనిపిస్తే తీసుకుని బల్ల సొరుగులో పడేసేవారు, బడి మూసే రోజున ఇచ్చేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళ అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా ముత్యాల్లా ఉంటాయని చీరాలలో చెప్పుకుంటారు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. అందరూ ఒకేలా, ఒకే పద్ధతిలో చేస్తేనే పని శుభ్రంగా ఉంటుందన్నది నాకు ఆ వసారాలోనే ఒంటబట్టింది. దానికి ఎవరూ నాకు పాఠం చెప్పలేదు.

నా ఆఫీసు అరండల్‌పేటలో ఒక పురుగుమందుల కొట్టు పైన ఉండేది. మెట్లెక్కుతుంటే మందుల వాసన ముక్కుకి గుచ్చుకునేది. పైకి వెళ్ళాక పాత ఏసీ వాసన దాన్ని మింగేసేది. యజమాని ప్రసాద్‌గారు. పొగాకు వ్యాపారం చేసే కుటుంబంలోంచి వచ్చి, కంప్యూటర్ల మీద ఇష్టంతో ఆ కంపెనీ పెట్టారు. మేము మొత్తం అయిదుగురం. మా పని కోల్డ్ స్టోరేజీలకి ప్రోగ్రాములు రాయడం. ఏ రైతు మిర్చి బస్తాలు ఏ గదిలో, ఏ అరలో ఉన్నాయో కంప్యూటరు గుర్తుపెట్టుకోవాలి. రైతు అమ్ముకునే రోజున గేటు దగ్గర అతని పేరు, ఊరు, గది నంబరు ఉన్న చీటీ అచ్చయి రావాలి. పేర్లూ ఊర్లూ తెలుగులో ఉండాలని ప్రసాద్‌గారి పట్టుదల. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు అంటే ప్రతిరోజూ ఏదో ఒక తగాదా. అయినా ఆయన వదల్లేదు. రైతు తన పేరు తాను చదువుకోగలగాలి అనేవారు. నేను చేరిన రెండో ఏడే నన్ను ఆ టీముకి పెద్దని చేశారు. నాకు ఇరవై అయిదు దాటలేదు. మిగతా నలుగురిలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్ళు. వాళ్ళలో ఒకరు సాంబశివరావుగారు.

సాంబశివరావుగారిది వేటపాలెం. నలభై దగ్గర పడుతున్న మనిషి, సన్నగా, పొడుగ్గా, దళసరి కళ్ళద్దాలతో ఉండేవారు. రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు గానీ మాట్లాడితే నవ్వొచ్చేలా మాట్లాడేవారు. ఆయన కంప్యూటరు మా అందరి కంప్యూటర్లలా ఉండేది కాదు. నల్లటి తెర, దాని మీద పసుపుపచ్చటి పెద్ద పెద్ద అక్షరాలు. అది ఎప్పుడో పాతకాలపు ఎడిటర్. మౌసు ముట్టుకునేవారే కాదు, దాన్ని వైరుతో సహా చుట్టి తెర వెనక పెట్టేసుకున్నారు. పనంతా మీటలతోనే. కూర్చున్నారంటే వేళ్ళు వానచినుకుల్లా పడుతూ ఉండేవి. సాయంత్రం అయిదు దాటాక కుర్చీలకి తగులుకుంటూ నడవడం, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం నేను చూశాను. అలిసిపోయారనుకున్నాను. మనిషిని రోజూ చూస్తూ, చూసినదాన్ని గురించి ఆలోచించకపోవడం ఎంత తేలికో అప్పుడు నాకు తెలియదు.

ఒకరోజు పొద్దున్న మా కొత్త ప్రోగ్రాం పెట్టిన ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోనొచ్చింది. చీటీల మీద పేర్లు రావడం లేదట, పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు వస్తున్నాయట. రైతుల పేర్లూ ఊర్లూ ఉన్న జాబితా ఫైలు మేమే ఆఫీసులో తయారుచేసి ప్రతి వారం పంపేవాళ్ళం. ఆ వారం పంపిన ఫైల్లో తెలుగు మొత్తం పోయింది. పాత ఫైలు వెతికి పంపి సరిచేసేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా గేటు దగ్గర, పేరు లేని చీటీకి సరుకు ఇచ్చేది లేదన్నారు. ఆరోజు యార్డులో మంచి ధర పలుకుతోంది. పెదనందిపాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, అరవై ఏళ్ళాయన, ఈ చీటీ ఎవరు తయారుచేశారో కనుక్కుని మా మెట్లెక్కి వచ్చాడు. అరుస్తాడేమోనని మేము భయపడ్డాం. ఆయన అరవలేదు. చీటీని నా బల్ల మీద పెట్టి, ఆ ప్రశ్నార్థకాల మీద వేలు పెట్టి చూపించాడు.

“నా పేరు ఎక్కడికి పోయిందమ్మా?”

నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన మంచినీళ్ళు తాగి, వచ్చే వారం మళ్ళీ లారీ మాట్లాడుకుని రావాలి, అప్పటికి ఈ ధర ఉంటుందో ఉండదో అని తనలో తాను అనుకుంటూ దిగిపోయాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇలా ఎందుకైందో తేల్చాల్సిన బాధ్యత నాది. ఆ ఫైలుని ఆ వారం చివరిసారి ముట్టుకున్నది ఎవరని చూస్తే సాంబశివరావుగారి పేరుంది. ఆయన నల్లతెరలో తెలుగు ఎలాగూ సరిగ్గా కనిపించదు. అక్షరాల చోట ఏవో గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ఇంకేం కావాలి నాకు? అంత పాత ఎడిటర్లో తెలుగు ఫైలు తెరిచి, సేవ్ చేసి దాచితే అక్షరాలు పోక ఏమవుతాయని తేల్చేశాను. ఆయన మాత్రం తన ఎడిటర్ ఉన్న అక్షరాన్ని ఉన్నట్టే దాస్తుందని, తనకి కనపడకపోయినా చెరపదని మెల్లగా చెప్పారు. నేను వినలేదు. ఆ సాయంత్రమే ప్రసాద్‌గారికి చెప్పి, సోమవారం నుంచి అందరూ ఒకే టూలు వాడాలని కాగితం రాసి గోడకి అంటించాను. ఆ టూలు నాకిష్టమైనది, కొత్తగా వచ్చింది. తెల్లటి తెర, చిన్న చిన్న అక్షరాలు, పైన రంగురంగుల బొమ్మలు. ఏది కావాలన్నా మౌసుతో లాగి పెట్టుకోవచ్చు. తక్కిన ఎడిటర్లన్నీ కంప్యూటర్లలోంచి నేనే స్వయంగా తీసేశాను. రైతు మొహం కళ్ళ ముందుంది, కాబట్టి నేను చేస్తున్నది న్యాయమేనని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఇంటికెళ్ళి అమ్మకి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

మిగతా ముగ్గురూ గొణుక్కుంటూ అలవాటు పడ్డారు. సాంబశివరావుగారు వెనక నుంచి మౌసు తీసి, వైరు విప్పి బల్ల మీద పెట్టుకున్నారు. కానీ బాణం గుర్తు తెర మీద ఎక్కడుందో ఆయనకి దొరికేది కాదు. ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వంగి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి వెతుక్కునేవారు. మధ్యాహ్నానికి కళ్ళ వెంట నీళ్ళు కారేవి. గంటలో అయ్యే పని ఆయనకి రోజంతా పట్టేది, అందులోనూ తప్పులు. పది రోజులు పోయాక ఒక ఉదయం ఆయన తెరంతా పసుపుపచ్చగా మెరుస్తోంది. పుస్తకాల కొట్టులో అమ్ముతారే, పందిళ్ళకి, బడి పండగలకి అంటించే జెలటిన్ కాగితం, అది తెచ్చి తెరకి నాలుగు మూలలా టేపుతో అంటించుకున్నారు. తెల్లటి వెలుగు కాస్త తగ్గుతుందని. నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. ఆ వారం కోల్డ్ స్టోరేజీ వాళ్ళు మా ఆఫీసు చూడటానికి వస్తున్నారు, చిన్నపిల్లల బొమ్మల కొట్టులా ఉంటుంది, తీసేయండి అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన గోటితో టేపు ఒక్కొక్క మూలా ఊడదీసి, కాగితాన్ని మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు. ఇంత రాస్తున్నా, ఆ గోటి చప్పుడు గురించి రాయడానికి మాత్రం నాకు చెయ్యి ఆడటం లేదు.

ఆ శనివారం ఆయన ఒక కవరు నా చేతికిచ్చి రైలుకి టైమైందని వెళ్ళిపోయారు. రాజీనామా. ఇంట్లో పరిస్థితుల వల్ల మానేస్తున్నానని నాలుగు లైన్లు, చేత్తో రాసింది. సోమవారం ప్రసాద్‌గారికి ఇవ్వాలని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే బాధకన్నా ముందు నాకు తేలికగా అనిపించింది.

మర్నాడు ఆదివారం. నాన్నగారు పెన్నులు కడుగుతున్నారు. నేను పక్కన కూర్చుని కాఫీ తాగుతూ, ఆఫీసులో ఒకాయన మానేస్తున్నాడని చెప్పి ఆ ఉత్తరం చూపించాను. ఆయన తడిచేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఎవరి రాతనైనా ఆయన అలాగే చదివేవారు, ముందు రాతని, తర్వాత మాటలని. చాలాసేపు చూశారు. అక్షరాలు వేలెడంత పెద్దవి. లైన్లు కిందికి జారిపోయాయి. తలకట్లు కొన్ని అక్షరాల మీద కాక గాల్లో పడ్డాయి. కుడివైపు చివర రెండు మాటలు సగంలో తెగిపోయాయి. కాగితం అయిపోయినా పెన్ను ఆగలేదన్నమాట, మిగతా అక్షరాలు బల్ల మీద రాసేసి ఉంటారు.

“చెయ్యి మంచిదేనమ్మా. ఈయనకి కాగితం అంచు కనపడటం లేదు,” అన్నారు నాన్నగారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడు ఆ కుర్చీలకి తగులుకోవడం, మెట్ల దగ్గర గోడ పట్టుకోవడం, ముక్కు ఆనించి బాణం గుర్తు వెతుక్కోవడం, పసుపు కాగితం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. గోడకి అంటించిన కాగితం సంగతి, జెలటిన్ కాగితం సంగతి నాన్నగారికి మొత్తం చెప్పాను. ఆయన పాళీ ఒకటి గుడ్డతో తుడుస్తూ తన చీరాల రోజుల సంగతి ఒకటి చెప్పారు. అంతకుముందు ఎప్పుడూ మా ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎనిమిదో క్లాసులో ఒక ఎడమచేతి పిల్ల ఉండేదట. సిరాతో రాస్తుంటే చెయ్యి తడి అక్షరాల మీదుగానే జరిగి, పేజీ అంతా అలికినట్టయ్యేదట. ఈయన ఏడాది పొడుగునా ఆ పిల్లకి శుభ్రతకి సున్నా వేశారు. పిల్ల ఒకసారి బాల్ పెన్ను తెచ్చుకుంటే సొరుగులో పడేశారు. పరీక్ష హాల్లో ఒకసారి వెనక వరసలో నిలబడి ఉండగా ఆ పిల్ల రాయడం చూశారట, అప్పుడు తెలిసిందట. అప్పటికి ఏడు అయిపోయింది. ఆ పిల్ల తర్వాతి ఏడు వేరే బడికి వెళ్ళిపోయింది.

“దాని చెయ్యి ఎటు జరుగుతోందో ఏడాదంతా నేను చూడలేదమ్మా,” అన్నారు. ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదొక్కసారే.

సోమవారం ఒక గంట ముందుగా ఆఫీసుకి వెళ్ళాను. ప్రతి సాయంత్రం ఫైళ్ళన్నిటికీ ఒక నకలు తీసి దాచే అలవాటు మాకుండేది. ఆ పాడైన వారం నకళ్ళు ఒక్కొక్కటే తెరిచి చూశాను. సాంబశివరావుగారు ఆ ఫైలుని ముట్టుకుంది గురువారం. బుధవారం సాయంత్రం నకలు తెరిచాను. ప్రశ్నార్థకాలు. మంగళవారంది తెరిచాను. పేర్లు చక్కగా ఉన్నాయి. అంటే బుధవారం ఎవరో ఆ ఫైలుని తెరిచి దాచారు. ఆ రోజు దాన్ని తెరిచిన పేరు ఒక్కటే ఉంది. నాది. ఒక ఊరి పేరులో దీర్ఘం తప్పుపడితే సరిచేశానని అప్పుడు గుర్తొచ్చింది. నా కొత్త టూలులో, తెలుగుని తెలుగుగా దాచమని విడిగా చెబితే తప్ప అది ఇంగ్లీషు ఫైలే అనుకుని దాచేసేది. దాచే ముందు అడిగిన ప్రశ్నకి నేను చదవకుండా సరే అని నొక్కి ఉంటాను. రుజువు కోసం మంగళవారం ఫైలు నకలు ఒకటి తీసి, నా టూలులో తెరిచి మళ్ళీ అలాగే నొక్కాను. నా కళ్ళ ముందే పేర్లన్నీ పోయాయి. ఇంకో నకలు తీసి, సాంబశివరావుగారి పాత ఎడిటర్ మళ్ళీ ఎక్కించి, దాంట్లో తెరిచి దాచాను. ఒక్క అక్షరం చెదరలేదు. ఆయన మెల్లగా చెప్పింది అక్షరాలా నిజం. ఆయన ఆ ఫైలు తెరిచేసరికే అది పాడై ఉంది. నల్లతెర మీద తెలుగు ఎప్పుడూ గజిబిజి గుర్తులే కాబట్టి, ఆ ప్రశ్నార్థకాలు కూడా అలాంటివే అనుకుని ఉంటారు.

ప్రసాద్‌గారు రాగానే గదిలోకి వెళ్ళి తలుపు వేసి మొత్తం చెప్పాను. రైతుల పేర్లు పోగొట్టింది నేనని, శిక్ష వేరేవాళ్ళకి వేశానని. ఆయన, నిన్ను తిట్టడం తర్వాత ఎలాగూ ఉంది గానీ, ముందు ఆ మనిషిని తీసుకురా అన్నారు. ఆ రాజీనామా కాగితం ఆయన చేతికి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. మధ్యాహ్నం చీరాల బస్సెక్కి, అక్కణ్ణుంచి వేటపాలెం వెళ్ళాను.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే జీడిగింజలు కాల్చే వాసన. సాంబశివరావుగారి ఇల్లు ఒక జీడిపప్పు కార్ఖానా వెనక సందులో ఉంది. ఆయన భార్య వరలక్ష్మిగారు అరుగు మీద చాట ముందు పెట్టుకుని పప్పు మీద పొట్టు తీస్తున్నారు. నేనెవరో చెప్పగానే ఆవిడ మొహం మారింది గానీ లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చారు. ఆయనది రేచీకటితో మొదలైన జబ్బని, చూపు ఏటికేడూ పక్కల నుంచి మూసుకొస్తోందని, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కొంచెం కనిపిస్తుందని ఆవిడే చెప్పారు. తెల్లటి వెలుగు చూస్తే ఆ కొంచెమూ మసకైపోతుందట. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దని ఆవిడే ఒట్టు వేయించుకున్నారట, తెలిస్తే ఉద్యోగం తీసేస్తారన్న భయంతో. సాంబశివరావుగారు మంచం మీద కూర్చుని అన్నీ విన్నారు. నేను ఆయన ముందు నిలబడి, ఆ పేర్లు పోగొట్టింది నేనండి, మీరు కాదు అన్నాను. క్షమించమని అడిగాను. మీ ఎడిటర్ మీరు వాడుకోండి, మీ ఒక్కరికీ ఆ నియమం వర్తించదని రాసిస్తాను, రేపు వచ్చేయండి అన్నాను. ఆయన ఒప్పుకుంటారనే అనుకున్నాను.

“ఆ ఒక్కరికీ అన్న మాటొద్దమ్మా,” అన్నారు. “కళ్ళు కనపడని వాడికి దయతో వదిలేశారు అనిపించుకుని నేను ఆ కుర్చీలో కూర్చోలేను. ఫైలు మన చేతిలోంచి బయటికెళ్ళేటప్పుడు ఎలా ఉండాలో చెప్పు, ఎంత కచ్చితంగా అయినా చెప్పు. దాన్ని నేను దేంతో రాశానో నాకొదిలెయ్. నాకే కాదు, అందరికీ వదిలెయ్.”

నేను అలా ఆలోచించనే లేదు. బయట అరుగు మీదికి వచ్చి కూర్చుని, వరలక్ష్మిగారు పక్కన మళ్ళీ పొట్టు తీస్తుండగా, ఎలా చేయవచ్చో ఇద్దరం మాట్లాడుకున్నాం. ఏ ఎడిటర్ లోంచి వచ్చినా సరే, ప్రతి ఫైలూ ఒక చిన్న కాపలా ప్రోగ్రాం గుండా వెళ్ళాలి. అది ఫైలంతా చదివి, తెలుగు చెదిరిందా, ఉండాల్సిన పేరు చోట ఇంకేదైనా వచ్చిందా అని చూస్తుంది. తేడా ఉంటే ఎవరిదైనా సరే వెనక్కి పంపేస్తుంది. ప్రోగ్రాం మొత్తాన్ని కలిపి కట్టడం కూడా ఏ ఒక్కరి టూలు మీదా ఆధారపడకుండా ఒకే ఆజ్ఞతో జరిగిపోవాలి. బస్సు ఎక్కించడానికి ఆయన స్టాండు దాకా వచ్చారు. ఇంకా చీకటి పడలేదు, ఆ వెలుతురులో ఆయన నడక మామూలుగానే ఉంది. చెప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు.

ఆయన రెండు రోజుల తర్వాత వచ్చారు. ఆయనే తన జబ్బు గురించి ప్రసాద్‌గారికి చెప్పారు. ప్రసాద్‌గారు మెట్ల దగ్గర ఇంకో దీపం పెట్టించారు, సాయంత్రం రైలు అందేలా ఆయన్ని ఒక గంట ముందు వచ్చి ముందు వెళ్ళమన్నారు. అంతే, అంతకుమించి హడావుడి చేయలేదు. కాపలా ప్రోగ్రాం సాంబశివరావుగారూ నేనూ కలిసి వారం రోజుల్లో రాశాం. గోడ మీది కాగితం చింపి కొత్తది అంటించాను. పాతదానిలో టూలు పేరు తప్ప ఇంకేమీ లేదు. కొత్తదానిలో ఫైలు ఎలా ఉండాలో పదకొండు మాటలున్నాయి, టూలు ఊసే లేదు. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఆ రోజే తమ పాత ఎడిటర్లకి వెళ్ళిపోయారు. ఒకతను నేను పెట్టిన టూలే బాగుందని దాంట్లోనే ఉండిపోయాడు. కాపలా ప్రోగ్రాం మొదటి నెలలో వెనక్కి పంపిన ఫైళ్ళలో ఎక్కువ నావే. ఒకసారి పంపిందంటే మళ్ళీ నేను ఆ తప్పు చేసేదాన్ని కాదు. పెదనందిపాడు రైతుకి ఏమీ తిరిగి ఇవ్వలేకపోయాను. ఆయన పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలుసు, ఇక్కడ రాయను.

ఇప్పుడు నేను మంగళగిరి వైపు ఒక పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. అద్దాల గోడలు, కింద కాఫీ మిషను, నా కింద నలభై మంది పిల్లలు. ఎవరి తెర చూసినా ఒక్కో రంగు. భోజనాల దగ్గర ఏ ఎడిటర్ గొప్పదని వాళ్ళు పోట్లాడుకుంటుంటే నాకు ముచ్చటగా ఉంటుంది. అప్పట్లో మాకు ఆ పోట్లాటకి కూడా తీరిక లేదు, అయిదుగురం, రెండు మూడు ఎడిటర్లు. ఇప్పుడు అడిగింది రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. పై ఆఫీసు నుంచి ఏడాదికోసారి, అందరూ ఇదే వాడాలి అంటూ ఒక ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకీ ఎవరో ఒక రైతు మొహం గుర్తుండే ఉంటుంది. నేను ప్రతిసారీ ఓపిగ్గా ఒకటే జవాబు రాస్తాను. బయటికి వెళ్ళేది ఎలా ఉండాలో ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చెప్పండి, అది అలా ఉందో లేదో మా కాపలా ప్రోగ్రాం చూసుకుంటుంది, రాసే చేతిని మాత్రం రాసేవాళ్ళకి వదిలేయండి అని. ఇప్పటిదాకా ప్రతిసారీ ఒప్పించగలిగాను. ఇకముందూ ఒప్పిస్తాను. రాసేవాళ్ళందరూ ఒకలాంటి కళ్ళతో, ఒకలాంటి చేతులతో పుట్టరన్నది నాకు పుస్తకాల్లో దొరికిన అభిప్రాయం కాదు. వేటపాలెంలో ఒక అరుగు మీద కూర్చుని నేర్చుకున్నాను. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, ఈ తరం పిల్లలు నా గదిలోకి వచ్చి, ఇది నాకు పడదు మేడమ్ అని మొహమాటం లేకుండా చెబుతారు. మా రోజుల్లో ఆ మాట అనలేక ఒక మనిషి రాజీనామా రాశాడు.

ఇది చెప్పాక, సాంబశివరావుగారు తన నల్లతెర మీద అద్భుతాలు చేశారని, మా అందరికంటే గొప్పగా రాశారని ముగిస్తే కథ అందంగా ఉంటుంది. అలా ఏమీ జరగలేదు. ఆయన మాలాగే బాగా రాసేవారు, మాలాగే తప్పులూ చేసేవారు. వేటపాలెం నుంచి తిరిగి వచ్చిన నెలలోపే ఒక తప్పు చేశారు. గది నంబరూ అర నంబరూ తారుమారయ్యాయి. పరీక్షకి నడిపి చూస్తే మూడో గదిలో ఉండాల్సిన బస్తాలన్నీ ఏడో గదిలో ఉన్నట్టు చూపించింది. ఇది బయటికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలుచుకోగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, ఇంత చిన్న విషయం చూసుకోకపోతే ఎలాగండి, ఇది చంటిపిల్లలు చేసే తప్పు అని గట్టిగానే అనేశాను. అన్నాక నాకు భయం వేసింది. గదిలో మిగతావాళ్ళ వేళ్ళు ఆగిపోయాయి. ఇంత జరిగాక మళ్ళీ అందరి ముందూ అదే మనిషిని అన్నానే అని నాలుక కరుచుకున్నాను. సాంబశివరావుగారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయన నవ్వుతున్నారని గ్రహించడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

“ఇన్నాళ్ళూ నా పలకని తిట్టావమ్మా. ఇవాళ నా రాతని తిట్టావు,” అన్నారు. “ఇది బాగుంది.”

అని కళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, ఆ తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.